డిటెయిన్ అయినా బాగుండేది

ఇంజినీరింగ్ చదివినోళ్లకి రెలిగేషన్ అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. డిటెయిన్. క్రెడిట్లు చాలలేదు, పై ఇయర్‌కి పోనివ్వరు. మన బ్యాచ్ ముందుకెళ్లిపోతుంది. మనం జూనియర్లతో కలిసి కూర్చోవాలి. ఇంట్లో చెప్పాలంటే భయం, క్యాంటీన్‌కి పోవాలంటే సిగ్గు. కానీ ఐడీ కార్డు మెడలోనే ఉంటుంది. ఏడాది కష్టపడితే మళ్లీ పైకి రావొచ్చు.

ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్‌లో ప్రతి మే నెలలో జరిగేది ఇదే. 20 టీమ్‌లు, ఒక్కోదానికి 38 మ్యాచ్‌లు. అన్నీ అయ్యాక అడుగున ఉన్న మూడు టీమ్‌లు చాంపియన్‌షిప్ అనే లీగ్‌కి దిగిపోతాయి. పేరు చూసి మోసపోకండి, అది రెండో మెట్టు. అక్కడి నుంచి మూడు టీమ్‌లు పైకి వస్తాయి. 2024-25లో సౌతాంప్టన్‌కి సీజన్ మొత్తం మీద వచ్చినవి 12 పాయింట్లే. ఇంకా 7 మ్యాచ్‌లు మిగిలి ఉండగానే, ఏప్రిల్ మొదటి వారంలో, డిటెయిన్ లిస్టులో పేరు వచ్చేసింది. ఫైనల్ ఎగ్జామ్స్ రాయకముందే రిజల్ట్ వచ్చినట్టన్నమాట.

అదే సీజన్‌లో లెస్టర్ సిటీ కూడా దిగిపోయింది. మా ఆఫీస్ టీమ్‌లో ఒక జూనియర్ ఆ క్లబ్ ఫ్యాన్. 2016లో లెస్టర్ టైటిల్ కొట్టినప్పుడు వీడు స్కూల్లో ఉన్నాడట. అప్పుడు బెట్టింగ్ వాళ్లు 5000కి 1 అని రేటు కట్టిన టీమ్ అది. తొమ్మిదేళ్ల తర్వాత అదే క్లబ్ సొంత గ్రౌండ్‌లో వరుసగా 9 లీగ్ మ్యాచ్‌లు, ఒక్క గోల్ కూడా లేకుండా ఓడింది. స్టాండప్ మీటింగ్‌లో వీడి మొహం చూస్తే ప్రొడక్షన్ డౌన్ అయిందేమో అనిపించేది.

అయితే ఆ ఏడాది మే 18న వాడు నాకొక వీడియో పంపాడు. దిగిపోవడం ఖాయమై దాదాపు నెల అయింది, సొంత గ్రౌండ్‌లో ఆఖరి మ్యాచ్. జేమీ వార్డీకి లెస్టర్ జెర్సీలో అది 500వ మ్యాచ్, అందులో కొట్టిన గోల్ 200వది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. ఓడిపోయి కిందికి పోతున్న టీమ్‌కి అంత మంది ఎందుకొచ్చారు? వచ్చే ఆగస్టులో కూడా వాళ్లు అదే గ్రౌండ్‌కి, అదే నీలం జెర్సీ కోసం వస్తారు కాబట్టి. ఎదుటి టీమ్ పేర్లు చిన్నవవుతాయి, అంతే.

ఆ వీడియో చూసి నాకు కుళ్లు పుట్టింది. నిజంగా. ఎందుకంటే మా టీమ్‌కి ఆ భాగ్యం లేదు.

మా టీమ్ అంటే హైదరాబాద్ ఎఫ్‌సీ. నవ్వకండి. మాది కాజీపల్లి. ప్రభాస్ దత్తత తీసుకున్న అడవి పక్కన అంటే కొందరు గుర్తుపడతారు, మందుల కంపెనీలు, రాత్రిపూట వాసన అంటే మిగతావాళ్లు గుర్తుపడతారు. ఇక్కడ ఫుట్‌బాల్ క్లబ్ అభిమాని అంటే జాతరలో గిటార్ వాయించేవాడిని చూసినట్టు చూస్తారు. ఐపీఎల్ సన్‌రైజర్స్ ఉండగా ఇదేంది అని. అయినా 2022-23లో మ్యాచ్ ఉన్న ప్రతి సాయంత్రం మా అక్క కొడుకుని బండి వెనక ఎక్కించుకుని బొల్లారం, మియాపూర్, కొండాపూర్ మీదుగా గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి పోయేవాడిని. వాడి వీపు మీద పసుపు జెర్సీ, ఒగ్బెచే పేరు.

ఈ క్లబ్ పుట్టుకే వింత. 2019లో ఎఫ్‌సీ పుణే సిటీ మూతపడితే, ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆ ఖాళీ సీటులో హైదరాబాద్ వచ్చి కూర్చుంది. పుణే కోచ్‌నే మనం కూడా తెచ్చుకున్నాం. ఆయన ఫిల్ బ్రౌన్, ఇంగ్లాండ్‌లో హల్ సిటీని 2008లో ప్రీమియర్ లీగ్‌కి ఎక్కించిన మనిషి. ఒకసారి మాంచెస్టర్ సిటీ మీద ఘోరంగా ఆడుతుంటే, హాఫ్ టైమ్‌లో డ్రెస్సింగ్ రూమ్‌కి తీసుకెళ్లకుండా గ్రౌండ్ మధ్యలోనే ఆటగాళ్లని కూర్చోబెట్టి క్లాస్ పీకాడు, అందరి ముందూ. మన దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. సీజన్ సగంలోనే పంపించేశారు. ఆ మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకి 2 గెలుపులు, 10 పాయింట్లు, లీగ్‌లో అందరికంటే అడుగు.

ఇంగ్లాండ్ అయితే అక్కడే దిగిపోయేవాళ్లం. ఇక్కడ రెలిగేషన్ లేదు కాబట్టి మిగిలాం. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. పేరు లేని కుర్రాళ్లని పట్టుకుని టీమ్ కట్టాడు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద. రెండు టీమ్‌లదీ పసుపే. హోమ్ టీమ్ లెక్క మనకి రావడంతో బ్లాస్టర్స్ నలుపు వేసుకోవాల్సి వచ్చింది, స్టాండ్స్ నిండా మాత్రం వాళ్ల పసుపే. 0-1తో వెనకబడి ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన వాలీ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1. చాంపియన్లం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కరోనా వల్ల ఆ రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే ఆడారు. అంటే హైదరాబాద్ పేరుతో కప్ గెలిచిన ఆ టీమ్, ఆ సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మేం చాంపియన్లమైంది కూడా హాట్‌స్టార్‌లోనే. మరుసటి ఏడాది గచ్చిబౌలిలో ఆడినప్పుడే మొదటిసారి వాళ్లని కళ్లతో చూశాం. 42 పాయింట్లతో రెండో స్థానం, సెమీఫైనల్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. నాకు తెలిసిన మంచి రోజులు ఆ ఒక్క ఏడాదే.

2023లో మనోలో గోవా క్లబ్‌కి వెళ్లిపోయాడు, ఒగ్బెచే కూడా వెళ్లాడు. ఆ తర్వాత జీతాలు ఆగిపోయాయి.

దీని గురించి కొంచెం నెమ్మదిగా మాట్లాడుకోవాలి. ఫుట్‌బాల్ ఆటగాడి జీతం అంటే మనకి కోట్లే గుర్తొస్తాయి. కానీ ఒక టీమ్‌లో ఫిజియో ఉంటాడు, కిట్ మోసే మనిషి ఉంటాడు, అండర్-21 నుంచి వచ్చిన కుర్రాడు ఉంటాడు. నెలకి నెల ఆగితే ముందు విరిగేది వాళ్లే. మా కాజీపల్లిలో ఇది ఎవరికీ వివరించక్కర్లేదు. కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లని అడగండి, "ఈ నెల పడలే, వచ్చే నెల రెండూ కలిపి ఏస్తరంట" అనే మాట ఎన్నిసార్లు విన్నారో. తేడా ఏంటంటే, ఫుట్‌బాలర్‌కి ఫిఫా దాకా పోయి కేసు వేసే దారి ఉంది. విదేశీ ఆటగాళ్లు ఆ దారి పట్టారు. బకాయిలు తీర్చేదాకా కొత్తవాళ్లని తీసుకోకూడదని క్లబ్ మీద నిషేధం పడింది. 2024 జనవరి వచ్చేసరికి విదేశీయులు దాదాపు అందరూ, మనవాళ్లలో పేరున్నవాళ్లు చాలామంది సామాను సర్దుకున్నారు.

మిగిలిన కుర్రాళ్లని పట్టుకుని థాంగ్‌బోయ్ సింగ్టో సీజన్ నడిపాడు. ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లలు, ఎదురుగా మోహన్ బగాన్‌లు, ముంబైలు. స్టేడియంలో జనం ఎంత పలచబడ్డారంటే, రన్నింగ్ ట్రాక్ అవతల నుంచి కోచ్ అరిచే మాటలు స్టాండ్‌లో మాకు వినబడేవి. డెక్కన్ లీజియన్ అని క్లబ్ అభిమానుల గ్రూప్ ఉంది. వాళ్లు అప్పుడు కూడా డప్పులతో వచ్చారు, వాళ్లకి దండం పెట్టాలి. మా అల్లుడు మాత్రం హాఫ్ టైమ్‌లో సమోసా తింటూ అడిగేవాడు, "మామా, మనోళ్లు ఎవరు?" జెర్సీ చూసి కాదు, మొహాలు చూసి. అందరూ కొత్తవాళ్లే మరి.

సీజన్ లెక్క: 22 మ్యాచ్‌లు, 1 గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు. 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపు మార్చిలో చెన్నైలో, చెన్నైయిన్ మీద 1-0. ఆ రాత్రి నేను నైట్ డిప్లాయ్‌మెంట్‌లో ఉన్నాను. స్కోర్ చూసి కాల్‌లో మ్యూట్ పెట్టుకుని అరిచాను. చాంపియన్‌గా ఉన్నప్పుడు అంత అరిచానో లేదో గుర్తులేదు. తమాషా ఏంటంటే ఆ ఏప్రిల్‌లోనే 'మైదాన్' సినిమా వచ్చింది. మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ కథ. ఆయన తయారుచేసిన సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు కొట్టింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం ఆయన చేతి మీదుగానే వచ్చింది, ఆ టీమ్‌లో మన సికింద్రాబాద్ బలరామ్ ఉన్నాడు. తెర మీద హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆసియాని గెలుస్తుంటే, గచ్చిబౌలిలో హైదరాబాద్ ఫుట్‌బాల్ 12కి 12వ స్థానంలో ఉంది.

అంత ఘోరంగా ఆడినా దిగిపోలేదు. రూల్ ప్రకారం దిగే పనే లేదు.

ఇదే ఊళ్లో ఇంకో క్లబ్ ఉంది. శ్రీనిధి దక్కన్. అజీజ్‌నగర్‌లో సొంత గ్రౌండ్ కట్టుకుని, ఐ-లీగ్‌లో, అంటే కింది మెట్టులో ఆడింది. 2022-23లో రెండో స్థానం. 2023-24లో మళ్లీ రెండో స్థానం. పైకి వచ్చేది చాంపియన్ ఒక్కడే కాబట్టి మొదటిసారి పంజాబ్, రెండోసారి మహమ్మదన్ స్పోర్టింగ్ ఎక్కాయి. పైన జీతాలు ఇవ్వలేక 8 పాయింట్లతో ఉన్న హైదరాబాద్ క్లబ్ సీటు సీటులానే ఉంది. కింద వరుసగా రెండేళ్లు రెండోది వచ్చిన హైదరాబాద్ క్లబ్ బయట నిలబడింది. మేనేజ్‌మెంట్ కోటా, మెరిట్ అని నేను అనను, మీరే అనుకోండి.

ఇక ఒడిశా అన్న సంగతి చెప్పాలి. మా గల్లీలో అద్దెకుంటాడు, రియాక్టర్ల దగ్గర షిఫ్ట్ డ్యూటీ. ఒడిశా ఎఫ్‌సీ అభిమాని. నేను రెలిగేషన్ ఉండాల్సిందే అని ఊగిపోతుంటే ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు: "తమ్ముడూ, దిగితే మీ క్లబ్ బతికేదా? జేసీటీ ఏమైంది?"

ఆ మాటలో బలం ఉంది. పంజాబ్ ఫగ్వాడాకి చెందిన జేసీటీ మిల్స్ టీమ్ 1996-97లో మొట్టమొదటి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ చాంపియన్. 2011లో ఐ-లీగ్ నుంచి రెలిగేట్ అయింది. కొన్ని వారాల్లో యాజమాన్యం టీమ్‌నే మూసేసింది. ఇంగ్లాండ్‌లో దిగిపోయిన క్లబ్‌కి పారాచూట్ డబ్బులని ఇస్తారు. టీవీ ఆదాయంలో పైవాళ్లకి సమానంగా పంచే వాటాలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45, మూడో ఏడాది 20. ఒక్క సీజన్ ఆడి దిగిపోతే రెండేళ్లే. ఆటగాళ్ల కాంట్రాక్టుల్లో కూడా దిగితే జీతం ఇంత తగ్గుతుందని ముందే రాసుకుంటారు. పడతాం అని తెలిసి కింద వల కట్టుకున్నారు. మన దగ్గర ఆ వల లేదు. టీవీ డబ్బే అంతంతమాత్రం. అందుకే ఓనర్లు రెలిగేషన్ మాట ఎత్తితేనే ఉలిక్కిపడతారు, దాన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. పైగా 2020లో రూల్ ఉండి ఉంటే 2022 కప్ ఎక్కడిది?

కానీ దిగకుండా ఉండి ఏం సాధించాం అనేది కూడా చూడాలి కదా. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని కొనుక్కుంది. జీతాల గండం గట్టెక్కిందని సంతోషపడ్డాం. 2024-25లో 13 టీమ్‌లలో 12వ స్థానం, 18 పాయింట్లు. కొంచెం నయమే. 2025లో వార్త వచ్చింది: క్లబ్ ఢిల్లీకి పోతోంది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

మా ఏరియాలో ఇది పాత కథే. ఒక కంపెనీలో, పేరు ఎందుకులే, మా చిన్నాన్న పదకొండేళ్లు పనిచేశాడు. ఒక సోమవారం పొద్దున డ్యూటీకి పోతే గేటు మీద బోర్డు మారి ఉంది. పాత గేట్ పాస్ చెల్లదన్నారు. లోపల అవే రియాక్టర్లు, అవే పైపులు, అదే వాసన. మనుషుల లెక్క మాత్రం కొత్తగా మొదలు. కంపెనీ మూతపడలేదు కాబట్టి మూసివేత డబ్బులు రావు, ఉద్యోగం తీసేయలేదు కాబట్టి కేసు లేదు. లీగ్‌లో కూడా అంతే. సీటు ఉంది, ఆటగాళ్లు కొందరు ఉన్నారు, ఓనర్ ఉన్నాడు. పోయింది మనమొక్కళ్లమే.

ఒడిశా అన్నకి ఈ వార్త చూపిస్తే ఆయన నవ్వాపుకోలేకపోయాడు. ఎందుకంటే ఆయన ఒడిశా ఎఫ్‌సీ ఎక్కడి నుంచి వచ్చింది? 2019 దాకా అది ఢిల్లీ డైనమోస్. భువనేశ్వర్‌కి మారి పేరు మార్చుకుంది. అంటే ఢిల్లీది ఒడిశాకి పోయింది, పుణే సీటు మనకొచ్చింది, మనది ఢిల్లీకి పోయింది. సంక్రాంతికి ప్లాట్‌ఫారం మీద సీట్లు మారినట్టు. "మీరు కూడా పుణే వాళ్లది తీసుకున్నప్పుడు ఏడవలేదు కదా" అన్నాడు. నిజమే, ఏడవలేదు. పుణేలో కూడా ఒక మామ, ఒక అల్లుడు బండి మీద స్టేడియానికి పోయి ఉంటారని అప్పుడు ఎవరికి తోచింది?

ఈ రోగం మనకే కాదు. ఇంగ్లాండ్‌లోనే ఒకసారి జరిగింది. లండన్ క్లబ్ వింబుల్డన్, 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచిన టీమ్. 2002 మేలో దాన్ని మిల్టన్ కీన్స్ అనే కొత్త టౌన్‌కి తరలించుకోవచ్చని ముగ్గురు సభ్యుల కమిషన్ తీర్పు ఇచ్చింది. ఫ్యాన్స్ ఏం చేశారో తెలుసా? కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టి, వింబుల్డన్ కామన్ అనే పార్కులో ఓపెన్ ట్రయల్స్ పెట్టారు. ఎవరైనా షూస్ వేసుకుని రావొచ్చు. తొమ్మిదో మెట్టు నుంచి మొదలుపెట్టారు. 2011కల్లా ప్రొఫెషనల్ లీగ్‌కి ఎక్కారు. తర్వాత కొన్ని సీజన్లలో తమ నుంచి పోయిన క్లబ్ ఉన్న లీగ్‌లోనే ఆడారు. 2020లో సొంత వీధి ప్లౌ లేన్‌కి తిరిగి వచ్చారు. ఆ నిచ్చెన ఉంది కాబట్టే ఎక్కగలిగారు. దిగే దారి ఉన్నచోటే ఎక్కే దారి కూడా ఉంటుంది.

ఇంకో చిన్న విషయం, నాకు మాత్రం పెద్దది. ఆ 1988 కప్ ఎవరిది అని చాలా గొడవ జరిగింది. చివరికి 2007లో మిల్టన్ కీన్స్ క్లబ్ ఆ పాత ట్రోఫీల నకళ్లు, జ్ఞాపకాలు వింబుల్డన్ ఉన్న మెర్టన్ ప్రాంతానికి అప్పజెప్పింది. ఆ చరిత్ర మాది కాదని ఒప్పుకుంది. మరి మన 2022 కప్ సంగతి? ఢిల్లీలో అద్దాల అల్మారాలో పెడితే అది ఢిల్లీ కప్ అవుతుందా? గచ్చిబౌలిలో అది ఎలాగూ గెలవలేదు, గోవాలో గెలిచాం. చూసిన మనుషులు మాత్రం ఇక్కడున్నారు. కనీసం దాన్ని ఈ ఊరికి ఇచ్చేయమని అడగడం అత్యాశ అని నేననుకోను.

2024 సెప్టెంబరులో మనోలో ఇదే గచ్చిబౌలికి ఇండియా కోచ్‌గా వచ్చాడు, ఇంటర్‌కాంటినెంటల్ కప్‌కి. అదే ఏడాది డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ ఇక్కడే, కేరళ మీద బెంగాల్ గెలిచింది. స్టేడియం బాగానే ఉంది, ఫ్లడ్ లైట్లు వెలుగుతున్నాయి. సొంత టీమే లేదు.

మొన్న ఆదివారం మా అల్లుడు ఆ పసుపు జెర్సీ వేసుకునే ఆడుకోవడానికి వెళ్లాడు. ఇప్పుడది వాడికి బిగుతైంది. ఎవరికి సపోర్ట్ చేయాలి మామా అని అడిగితే శ్రీనిధి అని చెప్పాను. కొంచెంసేపు ఆలోచించి, "వాళ్లు పైకి ఎప్పుడొస్తరు?" అన్నాడు. వాడి బూటు లేసు విప్పి మళ్లీ కట్టాను.